రెండు షిఫ్టుల మధ్య వంటిల్లు

దేవగిరి ఎక్స్‌ప్రెస్ కళ్యాణ్ చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారదు. నిజామాబాద్‌లో ఎక్కిన బియ్యం సంచులు, కారంపొడి డబ్బాలు, చింతపండు మూటలు మీకంటే ముందే తలుపు దగ్గరికి చేరి ఉంటాయి. "దిగున్రి, దిగున్రి, బండి కదుల్తది" అని వెనకనుంచి ఎవరో తొందరపెడతారు. ఆ మూటల వెంట నడవండి. దారి ఎవరినీ అడగనక్కర్లేదు, అవి పోయే ఊరే మీరు పోయే ఊరు.

ఊళ్లు తిరుగుతూ, దిగిన చోట నాలుగు పనులు చేసిపెట్టి కూడూ నీడా సంపాదించుకునే ప్రయాణికులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తోటలో కాయలు కోస్తారు, పశువుల కొట్టం ఊడుస్తారు. బదులుగా పడుకోవడానికి చోటు, మూడు పూటలా భోజనం. మీరూ అదే పద్ధతిన వచ్చారు. కాకపోతే ఇక్కడ తోటల్లేవు, కొట్టాల్లేవు. ఠాణే జిల్లాలోని ఈ భివండిలో ఉన్నవి సాంచాలు, అంటే మరమగ్గాలు. లక్షల్లో ఉన్నాయి. దేశంలోని మరమగ్గాల్లో పెద్ద వాటా ఈ ఒక్క ఊరిదే. మీకు చోటిస్తున్నది పద్మానగర్‌లోని ఒక తెలుగు మెస్సు.

షేర్ ఆటో దుర్గాడి కోట పక్కనుంచి ఖాడీ అనే సముద్రపు పాయ మీది వంతెన దాటుతుంది. కోన్‌గావ్ వెనకపడుతుంది. రాజ్‌నోలీ నాకా దగ్గర ముంబై–నాసిక్ హైవే అడ్డం వస్తుంది. రెండు పక్కలా గోదాములు, వాటి ముందు బారులు తీరిన కంటైనర్ లారీలు. ఊళ్లోకి మలుపు తిరిగాక ఆటో ఇంజిన్ చప్పుడు కింద ఇంకో చప్పుడు మొదలవుతుంది. ముందు ఒక గోడ వెనక, తర్వాత రెండు పక్కలా, ఆ తర్వాత ఎటు చూస్తే అటు. ధామన్‌కర్ నాకా దాటి పద్మానగర్ సందులోకి దిగేసరికి కాళ్ల కింద నేల సన్నగా అదురుతుంటుంది. కాసేపటికి ఆ సంగతి మరిచిపోతారు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుకు మళ్లీ తెలుస్తుంది.

"వచ్చినవా బిడ్డా? చెప్పులు ఆడనే ఇడువు. చాయ్ తాగి పనిలకు రా."

మెస్సు పెద్దమ్మ సిరిసిల్ల దిక్కు మనిషి. పెళ్లయి వచ్చి ఇక్కడే ముసలిదైంది. ఆమె షరతులు రెండే ముక్కల్లో చెబుతుంది. "పైసలు నువ్వియ్యవు, నేనియ్య. పని జేసినన్ని దినాలు తిండికి, పండేతందుకు ఢోకా లేదు." హిందీవాళ్లు నడిపే ఇలాంటి భోజనశాలలను ఇక్కడ బిస్సీలంటారు. మనవాళ్లది మెస్సు. కింద వంటిల్లు, పైన ఖోలీ. పైకి పోవడానికి ఇనుప మెట్లున్నాయి. అవి ఎంత నిటారుగా ఉంటాయంటే పైనుంచి వేలాడదీసిన తాడు పట్టుకుంటే గాని ఎక్కలేరు. ఆ తాడు నూలుతో పేనింది. వందల అరచేతులు పట్టుకుని నల్లబడి, నున్నబడింది.

ఖోలీలో గోడ పొడవునా చాపలు, బొంతలు. ఒక్కో చాప పైన గోడకు ఒక మేకు, మేకుకు ఒక సంచి. కొన్ని మేకులకు రెండేసి సంచులున్నాయి చూడండి. అంటే ఆ చాపకు ఇద్దరు మనుషులు. ఒకడు పగటి షిఫ్టు, ఒకడు రాత్రి షిఫ్టు. ఒకడు లేచి పోతాడు, ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. మీకు చూపించిన చాప మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంటుంది.

తెల్లారగట్ల నాలుగింటికి పొయ్యి వెలుగుతుంది. మీ పని ఉల్లిగడ్డలతో మొదలు. సంచి విప్పి నేల మీద కుమ్మరించి, కత్తిపీట ముందేసుకుని కూర్చుంటారు. పక్కనే ఒకామె జొన్నపిండి తడిపి రొట్టెలు కొడుతుంటుంది. రెండు చేతులా చరిచే ఆ చప్పుడు, బయటి సాంచాల చప్పుడు ఒకటే దరువులో పడి, మళ్లీ విడిపోతుంటాయి. పెద్ద గంజులో ఎసరు మసులుతుంది. పప్పులోకి పోపు పడుతుంది. చింతపండు పిసికి, పచ్చి ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ నలిపి పెద్ద సర్వలో పచ్చిపులుసు కలుపుతారు. రాత్రంతా నూలు దుమ్ము పీల్చి వచ్చిన గొంతుకు ఆ పులుపే పడాలంటుంది పెద్దమ్మ.

ఏడు దాటాక పగటి షిఫ్టువాళ్లు దిగుతారు. బంతిలో కూర్చుని గబగబా తిని, చేతులు కడుక్కుంటూనే బయటపడతారు. ఎనిమిది దాటాక రాత్రి షిఫ్టువాళ్లు వస్తారు. వాళ్లను చూడగానే గుర్తుపడతారు. కనుబొమ్మల మీద, చెవుల అంచుల్లో, ముంజేతి వెంట్రుకల్లో తెల్లటి దూదిపొడి. వాళ్లు మాట్లాడితే మీరు ఉలిక్కిపడతారు, కోపంగా అరుస్తున్నట్టుంటుంది. కోపం కాదు. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి వచ్చిన చెవికి తన గొంతు తనకు వినపడటానికి ఇంకో గంట పడుతుంది. తిన్నవాడు తాడు పట్టుకుని పైకెక్కుతాడు. అప్పటికే చాప ఖాళీ అయి ఉంటుంది.

ఒకే చాప మీద ఏడాదిగా పడుకుంటున్న ఇద్దరు మనుషులు ఈ మెస్సులో ఉన్నారు. షిఫ్టు మారే నాడు గాని ఒకరినొకరు పట్టపగలు చూసుకోరు. ఒకడిది కోరుట్ల, ఇంకొకడిది చేర్యాల. ఒకడి దువ్వెన ఇంకొకడు వాడుకుంటాడు.

పది తర్వాత వంటింట్లో కొంచెం తీరిక. ఎల్లిగడ్డలు ఒలవడానికి ఒక తాత వచ్చి మీ పక్కన కూర్చుంటాడు. ఆయన ఈ మెస్సులోనే తిని, నేసి, ముసలివాడై, ఇప్పుడు ఇలా చేతిసాయం చేస్తూ ఇక్కడే ఉండిపోయాడు. ఊళ్లో తండ్రిది చేమగ్గం. నూలు ధర పెరిగి, మిల్లు బట్ట, మరమగ్గం బట్ట చవకై, గుంటమగ్గం మీద నేసిన చీర కొనేవాళ్లు తగ్గిపోయిన కాలం. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్‌కు, బొంబాయికి, సూరత్‌కు, ఇక్కడికి అలాగే కుటుంబాలకు కుటుంబాలు కదిలారు. ఏ యంత్రం ఇంట్లో మగ్గాన్ని మూలకు నెట్టిందో ఆ యంత్రం దగ్గరికే పనికి పోవలసి వచ్చింది. ఇది వినేటప్పుడు నాకు ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది. తాతకు అలా ఏమీ లేదు. చేతిలో పని ఉన్నవాడు పని ఉన్న చోటికి పోతాడంటాడు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. ఎన్నో మిల్లులు ఆ తర్వాత మళ్లీ తెరుచుకోనేలేదు. ఆ మిల్లులు నేసే బట్ట ఎక్కడికి పోయిందో చాలామంది అడగరు. తాతను అడగండి.

"మిల్లులు బందు వెట్టిన్రు. జనం అంగీలు తొడుగుడు బందు వెట్టలే గద. గా బట్టంత మా మీద వడ్డది. గప్పుడు మేము నిద్రవోయిందే లేదు."

బొంబాయి మిల్లుల వాడ గిరంగావ్‌లో పొగగొట్టాలు చల్లబడుతున్నప్పుడు ఇక్కడ ఇళ్ల ముందు గదులు తీసేసి సాంచాలు బిగించారు. మిల్లులో కార్మికుడికి యూనియన్ ఉండేది, పీఎఫ్ ఉండేది, ఎనిమిది గంటల షిఫ్టు ఉండేది. ఇక్కడికి వచ్చిన పని వాటిని అక్కడే వదిలి వచ్చింది. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. విద్యుత్తుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీల చట్టం వర్తించేది. అందుకని ఒకే కప్పు కింద అడ్డగోడలు లేచాయి, ఒక్కో గదికి ఒక్కో పేరు పెట్టారు, ఒక్కో గదిలో పదికి తక్కువ మంది మిగిలారు. ఆ గోడలను మీరు కాసేపట్లో చూస్తారు.

పన్నెండున్నరకు డబ్బాలు కట్టాలి. అన్నీ ఒకేలాంటి స్టీలు డబ్బాలు. ఏది ఎవరిదో తెలియడానికి పిడికి ఒక్కో రంగు దారం చుట్టి ఉంటుంది. ఎర్రది సాంచాలు బాగుచేసే జాబర్‌ది, వంకాయ రంగుది కొత్తగా వచ్చిన పిల్లగాడిది, తెల్ల దారం మీద రెండు ముళ్లున్నది బీపీ ఉన్నాయనది, దాంట్లో ఉప్పు తక్కువ. కార్ఖానాలో కిందపడిన పేక దారాలే అవి. రెండు చేతులకూ సంచులు తగిలించుకుని సందులోకి దిగండి. పైన కరెంటు తీగలు, కింద మురిక్కాలువ, దాని పక్కనే గంజి వాసన వేస్తున్న పడుగు బీములు దించుతున్న టెంపో. సైజింగ్‌లో గంజి పెట్టి చుట్టిన వేల పోగులు ఒక ఇనుప దూలం మీద బిగుసుకుని ఉంటాయి. నలుగురు మనుషులు దాన్ని భుజాల మీదికి ఎత్తుకుని, ఒకరి అడుగుకు ఒకరు అడుగు కలిపి లోపలికి పోతారు.

వాళ్ల వెనకే మీరూ లోపలికి వెళ్లండి.

మొదటి నిమిషం ఏమీ కనపడదు. కళ్లు తెరిచే ఉన్నా చప్పుడే అంతా ఆక్రమిస్తుంది. పళ్ల చిగుళ్లలో, పక్కటెముకల్లో, డబ్బాల మూతల్లో చప్పుడు. తర్వాత ఒక్కొక్కటే తేలుతుంది. రెండు వరసల సాంచాలు, మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. కప్పు నుంచి వేలాడే దుమ్ము తాళ్లు. ట్యూబులైట్ చుట్టూ తిరిగే దూదిపొడి. కిటికీలు మూసే ఉన్నాయి. గాలి తగిలితే పోగులు తెగుతాయి. బనీను, లుంగీతో ఒక మనిషి ఆరు సాంచాల మధ్య తిరుగుతున్నాడు. ఆయన మీ చేతిలోని డబ్బా చూసి నవ్వి ఏదో అంటాడు. పెదాలు మాత్రమే కదులుతాయి. వీళ్లంతా ఒకరి మాట ఒకరు కళ్లతోనే వింటారు. దూరంగా ఉన్నవాణ్ణి పిలవాలంటే ఈల వేస్తారు. ఆ ఈల సాంచాల చప్పుడును దాటి సన్నగా వెళ్తుంది.

ఒక్క సాంచా ముందు నిలబడి చూడండి. నాడె కనపడదు, అది పోయిన దారి మాత్రమే కనపడుతుంది. కట్టెతో చేసిన, రెండు కొనలకూ ఉక్కు మొనలున్న ఆ నాడె నిమిషానికి వందసార్లకు పైగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దూకుతుంది. ప్రతి దూకుడుకూ పేక ఒక వరస పడుతుంది, దువ్వెన వచ్చి దాన్ని గుద్దుతుంది. నాడె కడుపులో కండె ఉంటుంది. కొన్ని నిమిషాలకే అందులోని దారం అయిపోతుంది. సాంచా ఠక్కున ఆగుతుంది. ఆయన అప్పటికే అక్కడున్నాడు. నాడె తీశాడు, ఖాళీ కండె జారవిడిచాడు, కొత్తది గుచ్చాడు. దారం నాడె కంట్లోంచి బయటికి రావాలి. పాత నాడె. ఆయన దాని కంటికి నోరు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చాడు. దారం కొస పెదాల మధ్యకు వచ్చింది. దాన్ని లాగి, నాడె పెట్టి, పిడి నెట్టాడు. సాంచా మళ్లీ అందుకుంది. ఇదంతా మీరు రెండుసార్లు కన్నార్పేలోపు అయిపోయింది. అప్పటికే పక్క సాంచాలో పడుగు పోగు తెగింది. ఆయన వంగి, వేల పోగుల్లో తెగిన ఒక్కదాన్ని వేలికొసతో పట్టి, అతికి, అచ్చులోంచి దాటించాడు.

పీల్చిన ఊపిరితో దారం ఒక్కటే వస్తుందా? రంగు, గంజి పొడి, దూది, ముందు షిఫ్టులో అదే నాడెకు నోరు పెట్టినవాడి ఎంగిలి, అన్నీ వస్తాయి. ఊపిరితిత్తుల జబ్బులు, క్షయ ఎందుకు వీడవో చెప్పడానికి డాక్టర్లు అక్కర్లేదు, ఇక్కడ ఒక్క పూట నిలబడితే చాలు. పనిచోట శబ్దం ఎనిమిది గంటలకు 90 డెసిబెళ్లు దాటకూడదని ఫ్యాక్టరీ నిబంధనలు చెబుతాయి. ఈ గదిలో పని ఎనిమిది గంటలు కాదు, చట్టం లెక్కలో ఈ గది ఫ్యాక్టరీ కూడా కాదు.

మూలన కండెలు చుట్టే మిషను దగ్గర మీకో పని దొరుకుతుంది. ఖాళీ కండెలు ఏరి బుట్టలో వెయ్యడం, చుట్టినవి సాంచాల దగ్గర పెట్టడం. ఆ పని చేస్తూ మీకు మీరే ఒక లెక్క వేసుకోండి. అంగుళానికి అరవై పిక్కుల, అంటే అరవై పేక వరసల, బట్ట అనుకుందాం. నాడె నిమిషానికి 120 సార్లు దూకితే నిమిషానికి రెండంగుళాలు. గంటకు 120 అంగుళాలు, అంటే దాదాపు మూడు మీటర్లు. ఒక్క పోగు తెగకుండా, ఒక్క కండె ఆలస్యం కాకుండా, కరెంటు పోకుండా పన్నెండు గంటలు నడిస్తే సాంచాకు ముప్పై ఆరు మీటర్లు. అలా ఎన్నడూ జరగదు. ఆగిన ప్రతి నిమిషమూ నేసేవాడి కూలిలోంచే పోతుంది. అందుకే ఆయన డబ్బా విప్పి తినేటప్పుడు కూడా నిలబడే తింటాడు. ఎడం చేతిలో మూత, అందులో రొట్టె, పప్పు. ఒక కన్ను సాంచాల మీద. మెస్సులో అరగంట కొట్టిన రొట్టెలు ఆయన నాలుగు కండెల మధ్య తినేశాడు.

సాయంత్రం ఖాళీ డబ్బాలతో తిరిగొస్తూ సందు మొదట్లో చాయ్ తాగండి. పక్క బల్ల మీద కార్ఖానా సేటు, ఆయన లెక్కలు రాసే మెహతాజీ కూర్చుని ఉంటారు. ఈ ఊరి అన్సారీ సేట్లు చాలామంది 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి తరలివచ్చిన నేతగాళ్ల వారసులు. మూలానికి పోతే వాళ్లదీ చేమగ్గమే. రెండు దిక్కుల నుంచి బతుకు వెతుక్కుంటూ వచ్చిన నేతవాళ్లు ఒకే సందులో కలిశారు. 1970లో, 1984లో ఈ ఊరు మత కలహాలతో తగలబడింది. ఆ తర్వాత ఇక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేష్ ఖోపడే 1988 నుంచి వాడవాడనా హిందువులనూ ముస్లింలనూ కూర్చోబెట్టి మొహల్లా కమిటీలు కట్టించారు. 1992 డిసెంబర్‌లో, 1993 జనవరిలో ముంబై మండుతున్నప్పుడు భివండి ప్రశాంతంగా ఉంది. కమిటీలు చేసిన పని గొప్పదే. దానికి తోడు ఇంకో సంగతి కూడా ఉందని నా నమ్మకం. ఒక గదిలో సాంచాలు ఆగితే సేటూ, నేసేవాడూ, పచ్చిపులుసు కలిపే పెద్దమ్మా ముగ్గురూ పస్తుంటారు. ఆ సంగతి ఈ సందులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సాంచాల మీద ఎక్కువగా ఉన్నది యూపీ, బిహార్ పిల్లలు. తెలుగువాళ్లలో కొందరు నాలుగు సాంచాలు, ఆరు సాంచాలు కొనుక్కుని చిన్న సేట్లయ్యారు. కొందరి పిల్లలు హైవే పక్క గోదాముల్లో పెట్టెలు సర్దే పనిలో చేరారు, అక్కడ నెల జీతం, పైగా చెవులు మిగులుతాయి. 2017 అక్టోబర్‌లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు పోయినవాళ్లంతా తిరిగి రావాలన్నారు. బతుకమ్మ చీరల పని మొదలయ్యాక సిరిసిల్లకు మళ్లినవాళ్లూ ఉన్నారు. పోనివాళ్లు దసరాకు ముందు వరాలదేవి చెరువు ఒడ్డున బతుకమ్మలు పేర్చి ఇక్కడే ఆడతారు. గునుగు పువ్వు దొరకడమే కష్టం, దొరికిన బంతిపూలతో కానిస్తామంటుంది పెద్దమ్మ.

ఆమె మనసులో మాయని సంవత్సరం 2020. మార్చి చివరి వారంలో ఒక రాత్రి లాక్‌డౌన్‌తో సాంచాలు ఆగిపోయాయి. అన్నేళ్లలో మొదటిసారి నేల అదరలేదట. రెండు షిఫ్టులవాళ్లూ ఒకేసారి ఖోలీలో పడ్డారు. ఉన్న చాపలు సగం మందికే సరిపోయాయి. మిగిలినవాళ్లు వంటింట్లో, మెట్ల కింద, డాబా మీద పడుకున్నారు. పగారు లేదు. మెస్సు మాత్రం నడిచింది. కిరాణా కొట్టతను అరువిచ్చినన్నాళ్లు రెండు పూటలు, తర్వాత ఒక పూట. వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైలు ఒకటి మే నెల మొదట్లో ఈ ఊరి నుంచి కదిలింది, గోరఖ్‌పూర్‌కు. "మనోళ్లు లారీలు మాట్లాడుకొని వోయిన్రు. వోయేటప్పుడు ఒక్కొక్కడు నా కాళ్లు మొక్కి, వచ్చి ఇస్త అన్నడు" అని చెబుతూనే ఆమె పప్పు తిప్పుతుంది.

పగారు రోజు రాత్రి మెస్సులో లెక్కలు. మీకు తెలుగు రాయడం వచ్చు కాబట్టి పుస్తకం మీ ముందు పెడుతుంది. మెహతాజీ ఇచ్చే చీటీలో మీటర్లుంటాయి, బట్టలో దోషం వచ్చినందుకు కోతలుంటాయి. పెద్దమ్మ పుస్తకంలో పూటలుంటాయి. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మీటర్లు లేని రోజులు చాలా ఉన్నాయి, పూటలు లేని రోజు లేదు. ఒక బీము అయిపోయి, ఇంకో బీము సైజింగ్ నుంచి రాకపోతే సాంచా ఆగుతుంది. నూలు ధర ఎగిరి సేటు చేతులెత్తేస్తే ఆగుతుంది. జాబర్ విడిభాగం కోసం తిరుగుతుంటే ఆగుతుంది. అలాంటి రోజున నేసేవాడికి ఒక్క పైసా రాదు. ఆకలి మాత్రం ఆగదు. ఆ రోజుల భారం బట్ట కొన్నవాడు మొయ్యడు, సేటు మొయ్యడు. ఈ గంజులు మోస్తాయి. భివండి బట్ట అంత చవకగా ఎట్లా వస్తుందని వ్యాపారులు లెక్కలు కడతారు గాని, ఆ లెక్కలో ఈ పుస్తకం ఎక్కడా ఉండదు. ఉండాలి. నాలుగింటికి లేచి రొట్టెలు కొట్టే చేతుల కూలి కలపకుండా మీటరు బట్ట ధర ఎవరు చెప్పినా అది పూర్తి ధర కాదు.

వంకాయ రంగు దారం పిల్లగాడు వచ్చి మీ పక్కన గొంతుకూర్చుంటాడు. పుస్తకంలోకి తొంగిచూసి ఒక వరస మీద వేలు పెడతాడు.

"గీ దినం బీము లేకుండె పెద్దమ్మా. నేను రాలే. తినలే."

"తిన్నవ్. కోడిగుడ్డు, పచ్చిపులుసు. మీ అవ్వకు పానం మంచిగ లేదని ఫోనొచ్చె, గా మెట్ల మీద కూసొని తిన్నవ్."

పిల్లగాడు కాసేపు ఆలోచిస్తాడు. "అవు. మాపటీలి తిన్న. పొద్దుగాల మాత్రం తినలే."

పెద్దమ్మ మీ వైపు తిరుగుతుంది. "సగమే రాయి బిడ్డా. తర్వాత పేరు సదువు."